స్టాకులో ఒకటి

ధారావాహిక: ఆరో భాగం

పోయిన వారం మంజుశ్రీని ఆసుపత్రి మెట్ల దగ్గర, చేతిలో ఫోనుతో నిలబెట్టి వదిలేశాను. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. మీరు కథ మరిచిపోయి ఉంటే తప్పు మీది కాదు, ఎవరి తిప్పలు వాళ్లకుంటాయి. అందుకని ముందు నాలుగు ముక్కలు.

మంజుశ్రీ అమీర్‌పేటలో, ఒక మిఠాయి దుకాణం పైన మూడో అంతస్తులో ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. సర్కారు ఆసుపత్రుల్లో ఏ మందు ఎంత ఉందో చూపించే 'నిల్వ దర్శిని' అనే పోర్టల్ ఆ కంపెనీదే. అందులో సగానికి పైగా ఆమె చేతి పనే. ఆమె చెల్లెలు మధులత సోమవారం రాత్రి పదకొండింటికి పంజగుట్ట వెనక వీధిలోని సర్కారు ప్రసూతి ఆసుపత్రిలో ఆడపిల్లను కన్నది. తల్లి రక్తం నెగెటివ్, బిడ్డది పాజిటివ్. అట్లాంటి తల్లికి కాన్పయిన డెబ్బై రెండు గంటల్లోపు యాంటీ-డి అనే ఇంజెక్షన్ ఒక్కటి పడాలి. పడకపోతే ఇప్పుడు పుట్టిన బిడ్డకేమీ కాదు. ఆ తర్వాత కడుపున పడే బిడ్డకు తల్లి రక్తమే శత్రువయ్యే ప్రమాదం ఉంది. వార్డులో మందు లేదన్నారు. మంజుశ్రీ ఫోను తెరిచి చూస్తే, ఆమె పోర్టల్‌లో, ఇదే ఆసుపత్రి పేరు ఎదురుగా, పచ్చరంగులో 'ఒకటి' అని ఉంది.

ఇవాళ గురువారం. పొద్దున పదకొండు దాటింది. రాత్రి పదకొండుకు గడువు తీరిపోతుంది.

"బయట కొనుక్కోవచ్చు కదా, ఎందుకింత రాద్ధాంతం" అని ఇద్దరు పాఠకులు నాకు మెసేజ్ పెట్టారు. అయ్యా, కొనుక్కోవాలనే చూశారు. మధులత మొగుడు విక్రమ్ మంగళవారం నుంచి బండి మీదే ఉన్నాడు. పంజగుట్ట మెయిన్ రోడ్డు, అమీర్‌పేట, మధురానగర్ సందులు, ఆ తర్వాత ఊరంతా తిరిగాడు. మూడు వారాలుగా కంపెనీల నుంచి సరుకే రావడం లేదని అందరూ ఒకటే మాట. పెద్ద ఆసుపత్రుల్లో ఉన్నవి వాళ్ల పేషెంట్లకే అంటున్నారు. ఈసారి బయట కూడా లేదు. ఇక కథలోకి వెళ్దాం.

* * *

స్టోర్ ఆసుపత్రి వెనకాల, బట్టలుతికే గది పక్కన ఉంది. గుమ్మం వరకూ సెలైన్ పెట్టెలు పేర్చి ఉండటం వల్ల మనిషి ఒకపక్కకు తిరిగి లోపలికి పోవాలి. లోపల ఒక ఫ్రిజ్, ఒక కంప్యూటర్, మెడ దాకా స్వెటర్, తల మీద ఉన్ని టోపీ వేసుకుని ఫ్లాస్కులోంచి చాయ్ వంచుకుంటున్న ఒక పెద్దమనిషి. ఆయన పేరు సిద్ధిరాములు, ఫార్మసిస్టు. మార్చి ఆఖరుకు రిటైరవుతాడు. ముప్పై ఏళ్లు మందులు లెక్కపెట్టిన మనిషికి ఎంత అలసట ఉండాలో అంతా ఆయన ముఖంలో ఉంది.

"ఎవలు కావాలమ్మా?"

"యాంటీ-డి ఇంజెక్షన్ కావాలె సార్. పన్నెండో బెడ్డు, మధులత. నేను వాళ్ల అక్కను."

"లేదు. వార్డుల సిస్టర్ చెప్పలేదా?"

"చెప్పిన్రు. కానీ ఒకటున్నది గద." మంజుశ్రీ ఫోను ఆయన ముఖం ముందు పెట్టింది.

సిద్ధిరాములు ఫోను వైపు చూడనైనా చూడలేదు. "స్క్రీన్ మీద ఉంటదమ్మా," అన్నాడు.

"ఉన్నప్పుడు ఇయ్యడానికేమైంది సార్? ఎవరికన్న దాచిపెట్టిన్రా? పెద్దోళ్లెవరన్న ఫోన్ చేస్తేనే ఇస్తరా? నేను సూపరింటెండెంట్ దగ్గరికి పోత."

"పో బిడ్డా. రెండో అంతస్తు, ఎడమ దిక్కు. ఒకటి పెట్టుమని చెప్పింది సుత ఆ మేడమే."

మంజుశ్రీకి ఒళ్లు మండింది. రెండు రోజులుగా నిద్ర లేదు. పోర్టల్ ఎవరు తయారు చేశారో ఈయనకు తెలిస్తే దారికొస్తాడనుకుంది. బ్యాగులోంచి కంపెనీ కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ నిల్వ దర్శిని చేసింది మేమే. దాంట్ల తప్పు చూపెడితే ఏమైతదో నాకు తెలుసు."

సిద్ధిరాములు కార్డు తీసుకుని, అద్దాలు నుదుటి మీది నుంచి దింపుకుని, అక్షరం అక్షరం చదివాడు. చదివి ఆమె వైపు చాలాసేపు చూశాడు. కోపంగా కాదు. ఎప్పటినుంచో ఉత్తరాలు రాసుకుంటున్న మనిషిని మొదటిసారి కళ్లతో చూసినట్టు చూశాడు.

"మీరేనా," అన్నాడు. "నాలుగేండ్ల సంది మిమ్ముల్ని ఒక్కసారి చూడాలె అనుకుంటున్న. కూసోండి మేడమ్." ఒక సెలైన్ పెట్టె మీద దుమ్ము తుడిచి చూపించాడు. ఇంకో కప్పులో చాయ్ వంచాడు.

ఆమె కూర్చోలేదు. చాయ్ ముట్టలేదు.

"సున్నా అయితే ఏమైతది మేడమ్, మీ దాంట్ల?" అడిగాడు సిద్ధిరాములు.

ఇది ఆమెకు కంఠతా వచ్చు. ప్రాణాధార మందుల్లో ఏదైనా సున్నా అయితే గడి ఎర్రగా మారుతుంది. ఆ నిమిషమే సూపరింటెండెంట్‌కు, పై ఆఫీసుకు మెసేజ్ పోతుంది. మర్నాడు పొద్దున స్టోర్ ఇన్‌ఛార్జి పేరు మీద సంజాయిషీ మెమో తనంతట తానే తయారవుతుంది. నాలుగేళ్ల కింద ఒక హాస్టల్ గదిలో కూర్చుని ఆ ఆలోచన చేసింది మంజుశ్రీయే. మందు లేకపోతే వెంటనే ఎవరో ఒకరు కదలాలి కదా అనుకుంది. అప్పుడు మీటింగులో ఆమెకు శాలువా కప్పారు.

"నాకు మూడొచ్చినయ్ మేమోలు," అన్నాడు సిద్ధిరాములు. ఆయన మెమోను మేమో అంటాడు. "పై నుంచి మందు రాలే. సున్నా అని పెట్టిన. మందు రాలేదు గానీ మేమో వచ్చింది. ఎందుకు ముందుగాల అడగలేదన్నరు. అడిగిన కాయితాలు చూపెట్టిన. మల్ల సున్నా అయ్యింది, మల్ల మేమో. మూడోసారి పై ఆఫీసుల నాలుగు గంటలు నిలబెట్టిన్రు. గప్పుడు మా మేడమ్ పిలిచి చెప్పింది. సిద్ధిరాములూ, ఎప్పుడూ సున్నా కొట్టకు, ఒకటి మిగల్చు అని. ఆఖరి ఒకటి ఎవ్వలికి ఇయ్యం. అది ఫ్రిజ్‌ల ఉంటది. స్క్రీన్ పచ్చగుంటది. ఎవలి పని వాళ్లు చేసుకుంటరు."

"అంటే ఆ ఒక్కటి ఉన్నట్టే గద సార్. అది ఇయ్యండి. మెమో వస్తే నేను చూసుకుంట."

"మా స్టోరోళ్లందరం గంతే మేడమ్. నేనొక్కన్నే కాదు."

ఆ మాట ఆమె చెవిలో పడింది గానీ బుర్రలోకి ఇంకా ఎక్కలేదు. అప్పుడే ఫోను మోగింది. మధులత.

"అక్కా, విక్రమ్ చెప్పిండు. నువ్వు చేసిన కంప్యూటర్‌ల మందు ఉన్నదని చూపిస్తున్నదంట గద. ఇగ నాకేం ఫికర్ లేదు. నువ్వు సుత జర ఏమన్న తిను."

"తింట," అని పెట్టేసింది మంజుశ్రీ. పెట్టేశాక ఆ పెట్టె మీద కూర్చుండిపోయింది.

"మా అమ్మది సుత నెగెటివే సార్," అంది. "పోశవ్వ. సిరిసిల్లల మగ్గాల కాడ నూలు చుట్టేది. నేను పుట్టినప్పుడు ఈ సూది సంగతి ఎవరూ చెప్పలే. నా తర్వాత ఇద్దరు పోయిన్రు. ఒకడు కడుపులనే, ఒకడు పుట్టిన రెండోనాడు. ఎవరో చేతబడి చేసిన్రని మా అమ్మ వాకిలి మార్చింది, ఇల్లు మార్చింది, ఆఖరికి ఊరే మార్చింది. మధుది సుత అమ్మ లెక్కనే నెగెటివ్ రక్తం, అందుకే బతికింది. ఈ సంగతి నాకు డిగ్రీ అయినంక తెలిసింది. అమ్మకు ఇప్పటికీ చెప్పలే. చెప్తే, మొదలు పుట్టిన నా వల్లనే ఆ ఇద్దరు పోయిన్రు అనుకుంటదని."

ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్న మొగుడికి కూడా చెప్పలేదు. మందుల వాసనొచ్చే ఆ గదిలో ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పేసింది. అలసట మనిషి నోటిని అట్లా వదులు చేస్తుంది.

"మాది సుత సిరిసిల్లనే బిడ్డా," అన్నాడు సిద్ధిరాములు. మేడమ్ పోయి బిడ్డా మళ్లీ వచ్చింది.

ఆయన లేచి, నడుముకు కట్టుకున్న తాళంచెవి తీసి ఫ్రిజ్ తెరిచాడు. పై అరలో, మూలకు, అగ్గిపెట్టెలు నాలుగు కలిపినంత అట్టపెట్టె. దాన్ని తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. చల్లగా ఉంది. ఒక్క క్షణం మంజుశ్రీకి ప్రాణం లేచొచ్చింది. మూత తీసింది. లోపల మడతపెట్టిన కాయితం ఉంది, సీసా కూర్చునే గుంట ఉంది. సీసా లేదు.

"బోనాలప్పుడు," అన్నాడు సిద్ధిరాములు, ఫ్రిజ్ తలుపు మూస్తూ. "బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం రోజు. రోడ్లన్నీ బంద్. ఒకామె కాన్పయ్యి మూడోనాడు. మొగడు మందు కోసం పోయి జనంల ఇరుక్కున్నడు, అటు పోలేడు, ఇటు రాలేడు. పొద్దు గూకుతున్నది. గడియారం చూసిన, ఫ్రిజ్ చూసిన. తీసి ఇచ్చిన. రాస్తే సున్నా అయితది గద, రాయలే."

"మరి ఈ ఒకటి?"

"అది అంకె బిడ్డా. అయిదు నెలల సంది అంకెనే."

మంజుశ్రీ అరవలేదు, ఏడవలేదు. ఏం చేయాలో తెలియక అలవాటు కొద్దీ ఫోనులో ఆ మందు వరస తెరిచింది. తన చేత్తో రాసిన వరస. గత అయిదు నెలల వాడకం: సున్నా. వచ్చే మూడు నెలలకు పంపవలసినది: సున్నా.

అప్పుడు అర్థమైంది. ఎంత వాడితే అంత పంపమని ఆమే లెక్క కట్టింది. వీళ్లు ఆఖరి ఒకటి దాచి ఇవ్వడం మానేశారు. ఇవ్వకపోతే వాడకం లేదు. వాడకం లేకపోతే అవసరం లేదని యంత్రం అనుకుంది. అందుకే అయిదు నెలలుగా ఈ ఆసుపత్రికి ఒక్క సీసా రాలేదు. ఎవరూ దొంగతనం చేయలేదు. ఎవరూ అమ్ముకోలేదు. దొంగ ఎవరైనా దొరికితే బాగుండేదని ఆమెకు నిజంగా అనిపించింది. దొంగను తిట్టొచ్చు.

"ఈ అయిదు నెలలు వచ్చినోళ్లు ఏమైన్రు సార్?"

సిద్ధిరాములు బల్ల సొరుగులోంచి ఒక పాత రిజిస్టరు తీసి చివరి పేజీ తెరిచాడు. పేర్లు. బెడ్డు నంబర్లు. కాన్పయిన తేదీలు. అన్నీ ఆయన గుండ్రటి చేతిరాత. "బయట తెచ్చుకొమ్మని చీటీ రాసిచ్చినోళ్లు. ఇరవై ముగ్గురు. తెచ్చుకున్నోళ్లెవలో, ఇంటికి పోయి మరిచిపోయినోళ్లెవలో నాకు తెల్వదు. రాసిపెట్టుకున్న, అంతే."

ఇరవై నాలుగో పేరు మధులతది. మంగళవారం రాసినట్టుంది, సిరా ఇంకా కొత్తగానే ఉంది.

* * *

పన్నెండున్నరకు ఇద్దరూ కలిసి పని మొదలుపెట్టారు. పని అంటే ఫోన్లు. నిల్వ దర్శినిలో ముప్పై మూడు ఆసుపత్రులు ఉన్నాయి, ఒక్కోదానికి ఒక నంబరు, ఈ ఆసుపత్రిది పదకొండు. యాంటీ-డి వరసలో ఎక్కడెంత ఉందో మంజుశ్రీ వడపోసి చూసింది. రెండు ఉన్నవి లేవు. మూడు ఉన్నవి లేవు. ఏడుచోట్ల ఆ మందే పెట్టరు. మిగిలిన ఇరవై ఆరు చోట్లా ఒకటి, ఒకటి, ఒకటి. పైనుంచి కిందకు అన్నీ ఒకట్లే, అన్నీ పచ్చగా ఉన్నాయి. ఈ వరస ఆమె నాలుగేళ్లుగా నెలనెలా చూస్తూనే ఉంది. ఎక్కడా కొరత లేదని నెలనెలా రిపోర్టు రాస్తూనే ఉంది. ఒక్కనాడైనా ఇన్ని ఒకట్లేంటి అని అడిగి ఉంటే ఇంత కథ నడిచేది కాదు. నాకూ ఈ సీరియల్ ఉండేది కాదు, పోనివ్వండి.

"పదిహేడో నంబర్ల కమలాకర్ అని ఉన్నడు," అన్నాడు సిద్ధిరాములు. "నాలుగు నెలల కింద ఛార్జి తీసుకున్నడు. మంచోడు. ఊరవతలి అంచు, గంటన్నర దారి." స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు.

"తమ్మీ, యాంటీ-డి నీ దగ్గర నిజంగ ఉన్నదా?"

"ఉన్నదన్నా. ఒకటున్నది."

"ఫ్రిజ్‌ల చూసి చెప్పరాదు?"

"చూసేదేమున్నదన్నా, స్క్రీన్ మీద ఉన్నది. ఫ్రిజ్ తాళం సిస్టర్ కాడున్నది, తిని వస్తది. రిక్వెస్టు పెట్టు, మనిషితోని పంపిస్త. ఊకనే ఇస్తే రేపు నా మెడకు పడతది. నువ్వే చెప్పినవ్ గద, అన్నీ కాయితం మీద ఉండాలని."

ఫోన్ పెట్టేశాక సిద్ధిరాములు కొంచెం అనుమానంగా అన్నాడు. "వాడు కుర్చీల నుంచి లేవలే. లేస్తే చప్పుడొస్తది."

"నిజమే చెప్తున్నడేమో సార్."

నిజమే అనుకోవడం తప్ప వేరే దారి లేదు. రిక్వెస్టు పెట్టబోతే పోర్టల్ ఒప్పుకోలేదు. మీ వద్ద నిల్వ ఉన్నది, వేరే ఆసుపత్రిని కోరలేరు. ఈ నియమం కూడా ఎవరిదో మీకు చెప్పనక్కర్లేదు. ఒకటి ఉన్నంతసేపూ అడగడానికి లేదు. అడగాలంటే సున్నా కావాలి. సున్నా కావాలంటే ఆ ఒకటి ఏమైందో చెప్పాలి.

మంజుశ్రీ గొంతు తగ్గించి అంది. "సార్, నా లాగిన్‌తోని వెనక నుంచి మారుస్త. ఎంట్రీ తప్పు పడిందని పెడ్త. మీ పేరు రాదు. మార్చి దాక మీకేం కావద్దు."

సిద్ధిరాములు చాయ్ కప్పు కింద పెట్టాడు. "దొంగ ఒకటి తీసి దొంగ సున్నా పెడ్తవా బిడ్డా?" అన్నాడు. "వద్దు. నాకు ఇంక శాతనైతలేదు. రోజు పొద్దుగాల వచ్చి ఆ ఉత్త డబ్బను ఫ్రిజ్‌ల చూసుడు, తాళం ఏసుడు. అయిదు నెలలు. ఉత్త డబ్బకు తాళమెందుకని ఒక్కరోజన్న నాకు నవ్వు రాలే."

కుర్చీ జరుపుకుని, కంప్యూటర్ మీది ప్లాస్టిక్ గుడ్డ తీసి, రెండు వేళ్లతో తన పేరు, పాస్‌వర్డు కొట్టాడు. ఒకటి చెరిపి సున్నా పెట్టాడు. కారణం ఎంచుకోమని ఒక జాబితా వచ్చింది. గడువు తీరినది. పగిలినది. పోయినది. నమోదులో పొరపాటు. ఇతరములు.

"దీంట్ల నాది ఏది?" అని అడిగాడు.

ఆ జాబితా రాసిన రోజున, మందును నమోదు చేయకుండానే మనిషికి ఇచ్చేసి ఉండొచ్చన్న ఆలోచనే మంజుశ్రీకి రాలేదు. "ఇతరములు నొక్కండి సార్," అంది.

ఆయన నొక్కి, కింది గడిలో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టడానికి అయిదు నిమిషాలు పట్టింది. 'బోనాలప్పుడు ఒక తల్లికి ఇచ్చిన. రాయలేదు. తప్పు నాది. సిద్ధిరాములు.' కొట్టి ఎంటర్ నొక్కాడు.

గడి ఎర్రబడింది. బల్ల మీద ఆయన ఫోను మోగింది. వెంటనే ఆమెది. పైన రెండో అంతస్తులో సూపరింటెండెంట్ ఫోను కూడా మోగే ఉంటుంది. మంజుశ్రీ పదిహేడో నంబరుకు రిక్వెస్టు పంపింది. ఈసారి వెళ్లింది.

పది నిమిషాల్లో విజయేందర్ ఫోన్. ఆయన ఆమె మేనేజరు. చెడ్డవాడు కాదు, అందరిలాగే మీటింగుల మధ్య నలిగిపోయే మనిషి.

"మంజుశ్రీ, నాలుగింటికి రివ్యూ ఉన్నది, తెలుసు గద. మన కాంట్రాక్టు సంగతి దాంట్లనే తేలుతది. పదకొండో నంబర్ల ఆ ఎరుపేంది? ఎవడో కథ సుత రాసిండు కింద. వెనక నుంచి ఒకటి పెట్టెయ్. రేపు తీసేద్దువు."

"పెడితే రిక్వెస్టు కొట్టుకపోతది సార్."

"ఏం రిక్వెస్టు?"

"పదకొండో నంబరు ఆసుపత్రిల పన్నెండో బెడ్డు మా చెల్లెది సార్. రాత్రి పదకొండు దాకనే టైమున్నది. ఆ ఒకటి లేదు. అయిదు నెలల సంది లేదు. మనం ఉన్నదని రాస్తున్నం."

అవతల ఆఫీసు కింది మిఠాయి దుకాణం ముందు ట్రాఫిక్ మోత వచ్చింది. చివరికి, "నాలుగు దాక ఆగుత," అన్నాడు విజయేందర్. "ఆ తర్వాత నేనే పెడ్త. నా మీద ఆధారపడి ఆరుగురున్నరు మంజుశ్రీ. నువ్వు సుత ఉన్నవ్." పెట్టేశాడు.

నాలుగుకు ఇంకా రెండున్నర గంటలు. మందు దారిలో పడితే చాలు, దారిలో ఉన్నదాన్ని ఎవరూ రద్దు చేయలేరు. దారిలో ఉన్న సరుకు గడి నీలంగా మారుతుంది. మంజుశ్రీ పదిహేడో నంబరు గడిని చూస్తూ కూర్చుంది. రెండు గంటలకు ఇంకా పచ్చగానే ఉంది. సిద్ధిరాములు తన టిఫిన్ డబ్బా విప్పి ఒక జొన్నరొట్టె ఆమె వైపు జరిపాడు. సగం తుంచి నోట్లో పెట్టుకుంది. మధుకు తింటానని చెప్పింది కదా.

రెండూ పదికి గడి రంగు మారింది.

నీలం కాదు. ఎరుపు. ఒకటి పోయి సున్నా వచ్చింది. కింద కమలాకర్ ఒక ముక్క కొట్టాడు. 'తాళం తీసి చూసిన. డబ్బ ఉన్నది. లోపల లేదు. నాకు ఛార్జి ఇచ్చినప్పుడు స్క్రీన్ చూపించి ఇచ్చిండ్రు. అన్నా, మాఫ్ చెయ్యి.'

మంజుశ్రీ నోట్లో రొట్టె అట్లాగే ఉండిపోయింది. మనసంతా ఒక్కసారి ఖాళీ అయిపోయింది. ఎవరి మీదా కోపం కూడా రాలేదు. అమ్మ ఎన్ని వాకిళ్లు మార్చిందో గుర్తొచ్చింది. ఎక్కడికి మారినా వెంటే వచ్చిన శత్రువు అమ్మ ఒంట్లోనే ఉందని అమ్మకు చెప్పినవాళ్లు లేరు. ఇక్కడ అందరికీ అన్నీ తెలుసు. తెలిసీ ఇరవై ఆరు ఫ్రిజ్‌ల్లో ఇరవై ఆరు పెట్టెలు పెట్టి తాళాలు వేసుకున్నారు. వాటిలో మందు ఏదో, అంకె ఏదో తాళం ఉన్నవాళ్లకు కూడా తెలియదు.

ఇరవై ఆరు కాదు. ఇప్పుడు ఇరవై నాలుగు.

"నంబర్లు చెప్పండి సార్," అంది.

"ఎవలియి?"

"అందరియి."

సిద్ధిరాములు తన స్టోరు మిత్రుల నంబర్లున్న డైరీ తీశాడు. ఆమె తన ప్రశ్న మార్చుకుంది. ఎన్ని ఉన్నాయని ఇక అడగదల్చుకోలేదు. మొదటి ఫోనుకు, "స్క్రీన్ మీద ఒకటున్నది మేడమ్" అన్నారు, లేచి చూడమంటే పెట్టేశారు. రెండో ఆయన లేచి చూసి, సున్నా పెడితే మీరొచ్చి నన్ను కాపాడతరా అని అడిగాడు. అంటే లేనట్టే. మూడో ఆయన ఫోను ఎత్తలేదు. నాలుగో ఫోను ఇరవై తొమ్మిదో నంబరుకు, ఖమ్మం అవతల ఒక చిన్న ఆసుపత్రి. ఇప్పుడు బయలుదేరితే బస్సులో ఆరు గంటల పైన పడుతుంది. అప్పటికి రెండున్నర అయింది.

"రాగసుధనండి, స్టోర్. చెప్పండి," అంది అవతలి గొంతు. విషయం విని, "మాకు ఒకటే చూపిస్తుందండి," అంది.

"స్క్రీన్ చూడకండి. మీరు లేచి, ఫ్రిజ్ తెరిచి, డబ్బ మూత తీసి చూసి చెప్పండి."

"ఇప్పుడాండి? కౌంటర్ దగ్గర జనం ఉన్నారు."

"ఇప్పుడే. నేను లైన్లనే ఉంట."

మంజుశ్రీ ఫోనులో ఇంకో కాల్ వస్తున్నట్టు పేరు వెలిగింది. మధు. మంజుశ్రీ ఎత్తలేదు. స్పీకర్ పెట్టి ఫోను సెలైన్ పెట్టె మీద ఉంచింది. సిద్ధిరాములు ఇంటి దేవుడి ముందు నిలబడ్డట్టు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వచ్చింది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లేచింది. చెప్పుల చప్పుడు దూరంగా పోయింది. ఎవరినో తప్పుకోమన్నది. తాళంచెవుల గలగల. ఫ్రిజ్ తలుపు. ఆ తర్వాత, చాలా మెల్లగా, అట్టపెట్టె మూత లేస్తున్న చప్పుడు.